జీడి గుర్తు

బుధవారం. టీకాలు అయిపోయాక
అంగన్‌వాడీ అరుగు మీద
పిల్లల చొక్కాలు విప్పించి చూస్తాను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా చదువు:
చిన్న వీపులు, మోచేతి మడతలు,
వేళ్ళ సందులు.

"రాత్రిపూట ఎక్కువ గోకుతాడా?"
"కన్ను ముయ్యనివ్వడప్పా."
"ఆ చాప మీద ఇంకెవరు పడుకుంటారు?"
"అందరుమూ."
అయితే మందు అందరికీ. ఒకే రాత్రి.
మెడ నుంచి అరికాళ్ళ దాకా,
గోళ్ళ కింద కూడా.
దుప్పట్లు వేడినీళ్ళలో, ఆ పైన ఎండలో.
వారం తిరిగాక మళ్ళీ ఒకసారి.
దురద వెంటనే పోలేదని నన్ను తిట్టకు,
పురుగు చచ్చినా అది రెండు వారాలుంటుంది,
చుట్టాలెళ్ళిపోయాక ఎంగిలి విస్తళ్ళు మిగిలినట్టు.

ఢిల్లేసు బుగ్గ మీద తెల్ల మచ్చ.
నాయనమ్మ గున్నమ్మ ఆ మాట
నోటితో అనలేక కళ్ళతో అడిగింది.
కోడి ఈక తెప్పించాను.
కళ్ళు మూసుకోరా అని, మచ్చ మీద తాకించాను.
కిసుక్కుమన్నాడు.
ఆ నవ్వుతో నా భయం సగం దిగింది,
గున్నమ్మకి నాకూ భయముందని తెలీదు.
"కొబ్బరినూనె రాయి. నెలలు పడతాది, కలిసిపోతాది.
ఈడి పెళ్ళి గురించి ఇప్పుడే ఏడవకు."

తామరకి
మందుల షాపువాడిచ్చిన ట్యూబు రాసుకొచ్చిన వాళ్ళని మాత్రం
కేకలేస్తాను.
మూడు రోజులు మాయమై
నడుం చుట్టూ తిరిగొస్తుంది.

ఇన్ని తెలుసు కదా అనుకున్నాను.

ఊర్మిళ కూతురు లిఖితకి పదకొండు నెలలు.
కిందటి బుధవారం చెమటకాయలన్నాను,
గులాబీ రంగు లోషనిచ్చి పంపాను.
ఇవాళ నల్లగా పొక్కులు.
వీపున ఇటు నాలుగు చారలు, అటు నాలుగు.
ముందువైపు రొమ్ము మీద చెరొకటి.
బుగ్గ మీద, పుణికే చోట, చిన్నది.
నా బొమ్మల పుస్తకంలో
ఇలాంటి పేజీ లేదు.

ఏడుస్తోందని ఎత్తుకోబోయాను.
నా వేళ్ళు సరిగ్గా
ఆ చారల మీద కూర్చున్నాయి.

"ఊర్మిళా, నీ చేతులు చూపించు."
కొంగులోంచి తియ్యలేదు చాలాసేపు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులు.
గోళ్ళు బొగ్గు, వేలికొసలు పొలుసులు.
కిలో లెక్కన కూలి.
మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చి
ఏడ్చే పిల్లని ఎత్తుకున్న చేతులు.

చాకలి జీడిరసంతో బట్ట అంచున గుర్తు పెడతాడే,
ఎన్ని రేవులు చూసినా పోనిది,
అలా పిల్ల ఒంటి మీద
ఇది నాది అని రాసుకుంది,
తెలియక.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.
పొక్కు చిదమొద్దు, పసుపు పుయ్యొద్దు,
డాక్టరుగారికి చూపించి పూత మందు తెచ్చుకో.
పనికి కూర్చోబోయే ముందు
చేతులకి ఆముదం, బూడిద.
లేచాక నూనెతో తుడిచి, సబ్బుతో రెండుసార్లు.
పని చీర గుమ్మం బయట మేకుకి.
అప్పుడు పిల్ల.

అంతా విని
"అంతసేపు ఆగదప్పా. పాలకి ఏడుస్తాది" అంది.
దానికి నా దగ్గర మందు లేదు.

ఇంకో బుధవారం.
చెక్కులు రాలి కింద లేత చర్మం.
రిజిస్టర్లో తగ్గిందని రాశాను.
తల్లి చేతులకి అందులో గడి లేదు,
అంచున పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపేశాను.

ఊర్మిళ పిల్లని ముంజేతుల మీద ఎత్తుకుంది.
వేళ్ళన్నీ దూరంగా గాల్లో విప్పి,
తడి గోరింటాకు చెరిగిపోతుందేమోనని
నడిచే ఆడపిల్లలా.

లిఖిత వొంగి
ఆ నల్లటి వేలొకటి అందుకుని
నోట్లో పెట్టుకుంది.

"కడిగేనప్పా, రెండుసార్లు కడిగేను" అంది ఊర్మిళ.

నేనేమీ అడగలేదు.